ఎడమచేతి కాజా

నాకు నోరు ఎక్కువ. ఆ సంగతి మా ఆవిడ పెళ్లయిన నెలకే చెప్పింది, నేనే పట్టించుకోలేదు. బట్టలు కుట్టేవాడికి చెయ్యి ఆడితే చాలు, నాకు చెయ్యీ నోరూ రెండూ ఆడేవి. ఆ నోటితో కోర్టులో అన్న ఒక్క మాట మూడేళ్లపాటు నన్ను నెత్తిన పెట్టుకుని ఊరేగించింది. నాలుగో ఏడు ఎండాకాలంలో ఓట్లు వచ్చేసరికి అదే మాట మింగలేక, కక్కలేక చచ్చాను.

ఆ ఎండాకాలం మనిషికి రెండు ఓట్లు. ఒకటి ప్రభుత్వానికి, రెండోది ఉరికి. ఉరిశిక్ష ఉంచాలా, తీసెయ్యాలా అని ఈసారి జనాన్నే అడుగుతామన్నారు. ఉంచాలని తేలితే, కోర్టులన్నీ అయిపోయి జైల్లో ఎదురుచూస్తున్న ముగ్గుర్ని ఇక ఆపేదే లేదన్నారు. ఆ ముగ్గురిలో ఒకడు వ్యాను డ్రైవరు. వాణ్ణి అక్కడికి పంపింది నా మాటే.

మా షాపుకి ఎదురుగా మందుల షాపు. ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద. నేను ‘అన్నా’ అనేవాణ్ణి, ఆయన ‘తమ్ముడూ’ అనేవాడు. ఆయన కూతురికి ఇరవయ్యేళ్లు నిండలేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఒక మధ్యాహ్నం, దొంగతనానికి దూరినవాడి చేతిలో చచ్చిపోయింది. వాడు పెరటి గోడ దూకేటప్పుడు మేకులకి చొక్కా పట్టుకుని జానెడు ముక్క చిరిగి అక్కడే ఉండిపోయింది. నీలం గళ్ల గుడ్డ, దాని అంచున మూడు బొత్తాం కాజాలు. పోలీసులు ఆ ముక్క పట్టుకుని టైలరు షాపులు తిరగడం మొదలెట్టారు. నా దగ్గరికి వచ్చాక ఇంకెక్కడికీ వెళ్లాల్సిన పని లేకుండా చేశాను.

మా షాపులో బొత్తాల కాజాలన్నీ మా ఆవిడే చేత్తో వేసేది. ఆవిడది ఎడమచేతి వాటం. కాజా అంచున దారం ముడులు అందరికీ ఒక వైపు తిరిగితే ఆవిడకి రెండో వైపు తిరుగుతాయి. తెలిసినవాడు కళ్లు మూసుకుని వేలితో తడిమి చెప్పెయ్యొచ్చు. నేను ముక్క చూశాను, కొలతల పుస్తకం తీశాను. ఎవరి చొక్కా కుట్టినా వాళ్ల పేజీకి ఆ గుడ్డ ముక్క ఒకటి పిన్నుతో గుచ్చడం నాకు అలవాటు. ఆ నీలం గళ్లు ఒక్క పేజీకే ఉన్నాయి. ఆ పేజీ వ్యాను డ్రైవరుది.

ఆ చొక్కా ఏదిరా అని పోలీసులడిగితే, ‘చిరిగిపోతే వ్యాను తుడుచుకుని పారేశాను’ అన్నాడు వాడు. ఎవరు నమ్ముతారు? రోజూ మా వీధిలో సరుకు దింపేవాడు కూడాను.

కోర్టులో వాడి తరఫున ఒక లాయరమ్మ నన్ను నిలదీసింది. “ఆ తాను గుడ్డ ఊళ్లో చాలామంది కొన్నారు. ఇది మీరు కుట్టిన చొక్కాయేనని ఎలా చెబుతారు?”

“గుడ్డ వందమంది కొనుక్కుంటారమ్మా. ఈ కాజా మాత్రం ఒక్క చెయ్యే వేస్తుంది. ఆ చెయ్యి మా ఇంట్లో ఉంది,” అన్నాను.

జడ్జిగారు రాసుకుంటున్నవారు తలెత్తి చూశారు. మర్నాడు ఆ మాట పేపర్లో వేశారు. ఆ పేపరు చంకలో పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగొచ్చాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, అంత గర్వం నాకు కొడుకు పుట్టినప్పుడు కూడా లేదు.

ఇక ఓట్ల రోజులొచ్చేసరికి నా షాపు చిన్న అసెంబ్లీ అయి కూర్చుంది. పక్క సెలూనాయన కత్తెర చేత్తో పట్టుకునే వచ్చి వాదించేవాడు. రిటైరైన పంతులుగారు ప్యాంటు పొడవు తగ్గించమని ఇచ్చి, అది అయిపోయినా కదిలేవారు కాదు.

“నా పేరు మీద, నా ఓటుతో ఒక మనిషిని చంపుతామంటున్నారు. రేపు పొరపాటని తేలితే ఎవరికి తిరిగిస్తారయ్యా ప్రాణం?” అనేవారు పంతులుగారు.

“పొరపాటెలా అవుతుందండీ? మన టైలరే కదా సాక్షి! మీ ఇంటి పిల్లయితే ఇలాగే మాట్లాడతారా?” అని సెలూనాయన.

ఆ మాటకి ఎంతటివాడైనా నోరు మూసుకోవాల్సిందే. రోజూ సాయంత్రం నాలుగింటికి మందుల షాపు అన్న మా షాపులోకొచ్చి టీ తాగేవాడు. ఆయన కాలు లోపల పెట్టగానే వాదన ఆగిపోయేది. ఆయన ఎటూ మాట్లాడేవాడు కాదు. కడుపులో రగిలిపోతున్నాడు పాపం అనుకునేవాళ్లం.

సరిగ్గా అప్పుడే పోస్టుమాను ఒక పాత చొక్కా పట్టుకొచ్చాడు. పొట్ట వచ్చేసింది, పక్కలు వదులు చెయ్యమన్నాడు. కుట్టు విప్పుదామని తిరగేశాను. కాలరు లోపల పై వీధి టైలరు లేబులు. ఆయన పోయి ఏడాది దాటింది. షాపు ఖాళీ చేసినప్పుడు పుస్తకాలన్నీ చిత్తుకాగితాలవాడికి వేసేశారు. ఆయన గిరాకీలు అప్పుడప్పుడు ఇలా నా దగ్గరికొస్తుండేవాళ్లు.

ముందుపట్టీ మీద నా బొటనవేలు ఊరికే అలా జారింది. జారి ఆగిపోయింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. ముడులు రెండో వైపు తిరిగి ఉన్నాయి. రెండో కాజా చూశాను, మూడోది చూశాను. కాజా మూలన మా ఆవిడ దగ్గరదగ్గరగా ఏడు కుట్లు వేసి బిగిస్తుంది, ఎందుకే అంత చాదస్తం అని నేనే విసుక్కునేవాణ్ణి. ఏడూ ఉన్నాయి.

“ఇది ఎప్పుడు కుట్టించావయ్యా?”

“ఆరేళ్లు దాటింది. పాపం మంచి పనివాడు ఆయన. ఏం, వదులవ్వదా?”

“అవుతుంది,” అన్నాను. పోస్టుమాను వెళ్లాక సగం షట్టరు దించి, షాపు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్లి, చొక్కా మా ఆవిడ ఒళ్లో పడేశాను.

ఆవిడ దాన్ని విప్పి చూడను కూడా లేదు. లేబులు చూసింది, పక్కన పెట్టింది.

“ఎన్నాళ్లు వేశావు వాడికి?”

“అయిదేళ్లు. మధ్యాహ్నాలు మీరు కునుకు తీసేటప్పుడు.”

“నాకు చెప్పకుండానా? మనకి పోటీ షాపుకా? ఏం తక్కువైందే నీకు?”

“ఏం తక్కువ కాలేదు. ఆయన మొదటి చొక్కా చూసి ‘ఏం చెయ్యమ్మా నీది!’ అన్నాడు. నా పని చూసి అలా అన్నవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ మాట కోసం వేశాను, చాలా?”

ఒళ్లు మండిపోయింది. మరు నిమిషం అసలు సంగతి తట్టింది. ఆ నీలం గళ్ల గుడ్డతో పై వీధివాడూ చొక్కాలు కుట్టే ఉంటాడు. వాటికీ ఈ చెయ్యే కాజాలు వేసి ఉంటుంది.

“నీలం గళ్లవి వేశావా?”

“వేసే ఉంటాను. ఎన్ని వేశానో, ఎవరివో ఎలా తెలుస్తుంది? చొక్కాల ముందు భాగాలు మాత్రం వచ్చేవి, కాజాలు వేసి పంపేదాన్ని.”

“మరి నేను కోర్టుకి వెళ్లేటప్పుడు చెప్పి ఏడవలేదేం?”

“మీరు అక్కడ ఏం చెబుతారో నాకేం తెలుసు? పుస్తకం పట్టుకెళ్తున్నారు కదా, కొలతలు చెబుతారనుకున్నాను. చెప్పాల్సింది చెప్పేసి, పేపరు తెచ్చి చూపించారు. అప్పుడు చెబితే మీరు అబద్ధాలకోరు, నేను దొంగముండని. జైలు వేస్తారులే, ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తాడులే అనుకున్నాను. ఉరి వేస్తారనుకోలేదండీ.” ఆవిడ ఏడవలేదు. మూడేళ్లుగా ఏడ్చేసి ఉంటుంది, నేను చూసుంటేగా!

డ్రైవరు చంపాడో లేదో ఆ రోజుకీ నాకు తెలీదు, ఇవాళ్టికీ తెలీదు. వాడే అయినా కావచ్చు. ఆ ముక్క చూసి వాడేనని చెప్పడం కుదరదని మాత్రం తెలిసింది.

మర్నాడే వచ్చిపడ్డాడు మైకాయన. ఉరి ఉండాలన్న పార్టీకి మా పేటలో మైకు పట్టుకుని తిరిగేవాడు, అందుకని ఆ పేరు.

“టైలరుగారూ, ఆదివారం సాయంత్రం మార్కెట్టు దగ్గర మీటింగు. మీరు ఆ డైలాగు చెప్పాలి. ఈసారి అక్కగారు కూడా స్టేజీ ఎక్కాలి. ఆ చెయ్యి మా ఇంట్లో ఉందన్నారుగా, జనం చూడొద్దూ!”

“ఆవిడకి ఒంట్లో బాగాలేదు,” అన్నాను.

“మందుల షాపు పెద్దాయన కూతురి ఫొటో పట్టుకుని కూర్చుంటానని ఒప్పుకున్నాడు. మీరు రాకపోతే బాగుంటుందా?”

వెళ్లాం. ఏ మొహం పెట్టుకుని మానెయ్యను? స్టేజీ మీద అన్న ఫొటో ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. మైకు నా చేతికిచ్చారు. జనం కిక్కిరిసి ఉన్నారు. నేను చెప్పేశాను. గుడ్డ వందమందికి, కాజా ఒక్క చేతికి. గొంతు కూడా వణకలేదు, అలవాటైన మాట కదా! జనం ఈలలు వేశారు. ఆ పార్టీ తరఫున నిలబడ్డ అభ్యర్థిగారు మా ఆవిడ దగ్గరికెళ్లి, ఆవిడ చెయ్యి పట్టుకుని పైకెత్తి, “న్యాయం చేసిన చెయ్యి ఇదే!” అని అరిచారు.

ఆయన ఎత్తింది కుడిచెయ్యి. ఒక్కరూ గమనించలేదు. మా ఆవిడ నా వైపు చూసింది, నేను కెమెరావాళ్ల వైపు చూశాను.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విడవకుండా అంది. “రేపు పొద్దున లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. వస్తే రండి.”

లాయరమ్మ ఆఫీసు మేడ మీద చిన్న గది. మేం చెప్పిందంతా విని ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది.

“వాడు చేశాడంటారా, లేదంటారా?” అని నేనే అడిగాను.

“నాకు తెలీదండీ. మీకూ తెలీదు. తెలీనప్పుడు చంపెయ్యకూడదు. మూడేళ్లుగా నా గొడవ అదొక్కటే.”

మేం చెప్పినట్టు రాసి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించింది. కోర్టు తలుపులన్నీ మూసుకుపోయాయి, ఇక క్షమాభిక్ష అర్జీ ఒక్కటే, దానికి ఇది జత చేస్తానంది. జనం మా మీద పడకుండా, ఓట్లు అయ్యేదాకా బయటికి పొక్కనివ్వనంది.

“కానీ ఒక మాట. ఇంత హడావిడిలో మీది కట్టలో ఒక కాగితం, అంతే. పిల్ల తండ్రి సంతకం ఉంటే వేరు. ‘నాకూ అనుమానంగా ఉంది, ఆపండి’ అని ఆయన రాసిస్తే చాలు. చచ్చిపోయినవాళ్ల ఇంటివాళ్లే ఆపమన్నాక ఉరి తీసిన సందర్భం మన దగ్గర ఇంతవరకూ ఒక్కటీ లేదు. నేను వెళ్తే ఆ సెలూను దగ్గరే అడ్డుకుని తిట్టి పంపించారు, ఆయన దాకా పోనివ్వలేదు. మీరు ఎదురెదురు షాపులవాళ్లు.”

“నేను అడుగుతాను,” అంది మా ఆవిడ.

“నా నోటి వల్ల వచ్చింది. నేనే అడుగుతాను,” అన్నాను. అది పౌరుషమో, ఆవిడ ఎదురుగా చిన్నబోకూడదనో తెలీదు. లాయరమ్మ నాలుగు వాక్యాలు టైపు చేసిన కాగితం ఇచ్చింది. మడిచి కొలతల పుస్తకంలో పెట్టుకున్నాను. ఓట్లకి తొమ్మిది రోజులుంది.

మొదటిరోజు నాలుగింటికి అన్న వచ్చాడు, టీ తాగాడు. సెలూనాయన కూడా ఉన్నాడు కదాని ఊరుకున్నాను. రెండోరోజు ఎవరూ లేరు.

“అన్నా, ఒక మాట.”

“చెప్పు తమ్ముడూ.”

“ఫ్యాను స్పీడు పెంచమంటావా?” అన్నాను.

మూడోరోజు గట్టిగా అనుకున్నాను, ఇవాళ తేల్చేద్దామని. పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన గోడమీది ఓట్ల పోస్టరు చూస్తూ, “అమ్మాయి ఉంటే ఈసారి మొదటి ఓటు వేసేది,” అన్నాడు. ఆ మాట విన్నాక ఎలా తియ్యను కాగితం? మా అమ్మ మంచాన పడ్డప్పుడు అర్ధరాత్రి షట్టరెత్తి మందులిచ్చిన మనిషి. నీ కూతుర్ని చంపినవాడు వీడేనని వేలెత్తి చూపించింది నేను. ఇప్పుడు నాకు తెలీదని ఎలా చెప్పను? చెబితే ఇక ఈ బల్లమీద కూర్చుంటాడా? నా మొహం చూస్తాడా? వీధి వీధంతా ఉమ్మేస్తుంది. షట్టరు దించి ఎక్కడికి పోవాలి?

ఆయన వచ్చే టైముకి గడియారం వైపు చూడకుండా మిషను తొక్కేవాణ్ణి. ఆయన వెళ్లిపోతే హమ్మయ్య అనుకునేవాణ్ణి. మళ్లీ డ్రైవరు గుర్తొచ్చేవాడు. వాడు కొలతలకి నిలబడి, జేబు పెద్దది పెట్టు గురూ, సరుకు కాగితాలు పడాలి అని నవ్విన మొహం.

రోజూ మా ఆవిడ ఒకటే ప్రశ్న. “అడిగారా?” “రేపు” అనేవాణ్ణి. అయిదోరోజు ఆవిడ చీర కొంగు సర్దుకుని గుమ్మం దిగబోయింది. “మీ వల్ల కాదు. నేనే వెళ్తాను.”

“అడిగాను!” అన్నాను.

ఆగింది. “ఏమన్నారు?”

“కుదరదన్నాడు. ‘నా బిడ్డని చంపినవాడి కోసం నేను సంతకం పెట్టాలా తమ్ముడూ’ అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మళ్లీ ఈ ఊసెత్తితే గుండాగి పోతాడే. నువ్వు వెళ్లకు.”

ఆయన గొంతుతో సహా చెప్పాను. కోర్టులో చెప్పింది పొరపాటు, అది నేను దేవుడి ముందైనా చెప్పుకోగలను. ఇది అబద్ధం. మా ఆవిడ నమ్మింది. గుమ్మంలోనే కూలబడి, “పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు,” అంది. సాయంత్రం లాయరమ్మకి ఫోను చేసి అదే చెప్పింది. కాగితం పుస్తకంలోనే ఉండిపోయింది.

ఓట్లరోజు ఎండ మండిపోయింది. అట్టపెట్టె చాటున నిలబడి రెండో చీటీ మీద ‘తీసెయ్యాలి’ అని గుద్దాను. అక్కడ ఎవరూ చూడరు కదా, అక్కడ నాకు ధైర్యం బాగానే వచ్చింది. లెక్క తేలాక నూటికి అరవైమంది ఉంచాలన్నారు. సెలూనాయన టపాకాయలు కాల్చాడు. పంతులుగారు ప్యాంటు కూడా తీసుకోకుండా షాపుకి రావడం మానేశారు. అర్జీ కొట్టేశారని పదోరోజున లాయరమ్మ ఫోను చేసింది. తర్వాత రెండు రోజులకి ఉరి.

ఆ రోజు నేను షట్టరు ఎత్తేసరికే అన్న బయట మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే ఆయన ఎప్పుడూ రాడు. లోపలికొచ్చి బల్లమీద కూర్చున్నాడు. మా ఆవిడ ఇంట్లోంచి టీ తెచ్చింది, ఆయన ముందు పెట్టి అక్కడే నిలబడింది.

“అయిపోయిందట,” అన్నాడు. “వచ్చి చూస్తారా అని జైలువాళ్లు కబురు పెట్టారు. వెళ్లలేదు.”

టేపు చుడుతూ కూర్చున్నాను.

“నా తరఫున ఊరంతా ఉరి, ఉరి అని అరిచింది. నేను ఎప్పుడైనా అన్నానా తమ్ముడూ? స్టేజీ మీద కూర్చోమన్నారు, కూర్చున్నాను. తీర్పురోజున వాడు నా వైపు తిరిగి ‘నేను కాదు బాబుగారూ’ అన్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. నీ మాట మీద నమ్మకంతో నోరు మూసుకున్నాను. నీకు రవ్వంత అనుమానం ఉందని అన్నా, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేవాణ్ణి. మా పిల్ల ఎలాగూ రాదు. వాడైనా ఉండేవాడు.”

మా ఆవిడ నా వైపు చూడలేదు. ఆయన ముందుకెళ్లి, నెమ్మదిగా అడిగింది.

“అన్నయ్యగారూ, ఈయన మీ దగ్గరికి కాగితం తీసుకురాలేదూ?”

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు.

“ఏం కాగితం?” అన్నాడు.